బస్సులో పరిచయమైన పెద్దావిడ ఇంటికి భోజనానికి వెళ్ళొచ్చా?

ప్రశ్న:

నాకు 26 ఏళ్ళు. మాది నెల్లూరు. చెన్నైలో పెరుంగుడిలో పీజీలో ఉంటున్నాను. ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డు) ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసేదాన్ని. ఆగస్టులో ప్రాజెక్టు ఎత్తేసి మా టీమ్ మొత్తాన్ని పంపించేశారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి "ఆఫీసు నుంచి వచ్చేశావా" అంటుంది. "ఇప్పుడే వచ్చానమ్మా" అంటాను. సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

కిందటి నెలలో టీ నగర్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళాను. కూర్చోబెట్టి పది నిమిషాల్లో పంపించేశారు. సాలిగ్రామంలో ఫ్రెండ్ రూమ్‌కి పోదామని పానగల్ పార్క్ దగ్గర 12బి ఎక్కాను. ఫోన్‌లో ఫ్రెండ్‌తో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాక ఏడుపు ఆగలేదు. పక్క సీట్లో ఒక పెద్దావిడ ఉంది, డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నా తెలుగు విన్నట్టుంది, వంగి చెవిలో, "ఆపకమ్మా, బాగా వస్తోంది. గ్లిజరిన్ లేకుండా ఇంత చక్కగా ఏడ్చేవాళ్ళ కోసం మా డైరెక్టర్లు పడిగాపులు పడేవాళ్ళు" అంది. ఏడుస్తూనే నవ్వేశాను.

ఆవిడది తెనాలి అట. చిన్న వయసులోనే మద్రాసు వచ్చి తెలుగు సినిమాల్లో గ్రూప్ డాన్సర్‌గా చేసిందట. ఒళ్ళు వచ్చాక పెళ్ళి సీన్లలో అక్షింతలు వేసే పేరంటాలుగా వేసిందట. వడపళనిలో మాల్ కనిపించగానే, "అదిగో, అక్కడే నేను ఇంద్రసభలో డాన్స్ చేశాను. రంభ పక్కన కాదులే, వెనక నాలుగో వరస. నా చెయ్యి ఒకటి కనిపిస్తుంది" అంది. ఉద్యోగం పోయిందని చెబితే జాలిపడలేదు. "ప్యాకప్ చెప్పేశారా? మరి టిఫిన్ పెట్టారా లేదా?" అని అడిగింది. బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. దిగేటప్పుడు ఫ్రీ టికెట్ వెనకాల ఫోన్ నంబరు, ఇంటి గుర్తులు రాసిచ్చి, "ఆదివారం ఎప్పుడైనా భోజనానికి రా. నా కబుర్లకి కొత్త మొహం కావాలి" అంది.

ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మా రూమ్మేట్ మాత్రం "ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఇంటికి ఎలా వెళ్తావ్" అంటోంది. నాకూ ఇంకో భయం ఉంది. తీరా వెళ్ళాక ఆవిడ కూడా అందరిలాగే మోకాళ్ళ నొప్పులూ కోడలి గొడవలూ చెబితే, ఆ రోజు దొరికిన సంతోషం కూడా పోతుందేమో. పైగా కన్నతల్లికి చెప్పనిది ఎవరో ఆవిడకి చెప్పేశానే అని మనసు పీకుతోంది. వెళ్ళమంటారా?

నెల్లూరమ్మాయి, పెరుంగుడి

సమాధానం:

వెళ్ళండి. ఈ ఆదివారం కాకపోతే పై ఆదివారం. కాకపోతే మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన సంగతి ఒకటుంది. దాని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను, విసుక్కోవద్దు.

ముందు ఆ గ్లిజరిన్ మాట. బస్సులో ఎవరైనా ఏడుస్తుంటే మనం చేసేవి సాధారణంగా రెండే. చూడనట్టు మొహం తిప్పుకుంటాం. లేదంటే "ఏమైందమ్మా, ఇంట్లో గొడవా, లవ్ ఫెయిల్యూరా" అని ఆరాలు మొదలుపెడతాం. మొదటి రకం మనిషి పక్కన ఉండి ఉంటే మీరు సాలిగ్రామం దాకా ఏడుస్తూనే వెళ్ళేవారు. రెండో రకం అయితే సిగ్గుతో ముందు స్టాపులోనే దిగిపోయేవారు. ఆవిడ మీ ఏడుపుని ఒక పనిమంతురాలి పనిలా మెచ్చుకుంది. ఏమీ అడగలేదు. చెబితే మీ ఇష్టం, నవ్వి ఊరుకున్నా మీ ఇష్టం. ఆ వీలు దొరికింది కాబట్టే మీ అంతట మీరే చెప్పారు.

ఇది అప్పటికప్పుడు నోటికొచ్చిన చమత్కారం అనుకోకండి. షూటింగు అంటే ఎక్కువ భాగం ఎదురుచూపే. తెల్లవారకముందే మేకప్ వేసుకుని, బిగుతు బట్టల్లో, లైట్ల వేడిలో, హీరోగారు ఎప్పుడొస్తారో తెలియక గంటల తరబడి కూర్చోవాలి. ఆకలితో, విసుగుతో, ఇంట్లో వదిలొచ్చిన పిల్లల బెంగతో ఉన్న పాతికమంది ఆడవాళ్ళని నవ్విస్తూ కూర్చోబెట్టడం కూడా అక్కడ ఒక పనే. దానికి ఎవరూ డబ్బులివ్వరు. చేతనైనవాళ్ళు మాత్రం ప్రతి సెట్లోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. మీ పక్కన కూర్చున్నావిడ బహుశా వాళ్ళలో ఒకరు.

ఇక టిఫిన్ ప్రశ్న. మీరు దాన్ని జోకుగా రాశారు. నాకు అందులో జోకు సగమే కనిపించింది.

గ్రూప్ డాన్సర్లకీ, జూనియర్ ఆర్టిస్టులకీ నెల జీతం ఉండదు. కాల్షీటు, అంటే షూటింగు పూట లెక్కన డబ్బులు. ఏజెంటు కబురు పెడితే పని ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. పొద్దున వ్యాను వచ్చి ఎక్కించుకుంటుంది, సాయంత్రం ప్యాకప్ అంటారు, అంతటితో ఆ కంపెనీకీ వాళ్ళకీ సంబంధం తెగిపోతుంది. రేపు ఇంకో కంపెనీ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. హీరోయిన్‌కి జ్వరం వచ్చినా, ఫైనాన్షియర్ చేతులెత్తేసినా, వేసిన మేకప్ కడుక్కుని ఇంటికి రావలసిందే. మీకు ఆగస్టులో ఒకసారి జరిగింది ఆవిడకి దాదాపు రోజూ సాయంత్రం జరిగేది. అందుకే ఉద్యోగం పోయిందని మీరు చెప్పినప్పుడు ఆవిడ "అయ్యో" అనలేదు. ఆవిడకి అదసలు వార్తే కాదు. మీకు ఆకాశం విరిగి మీద పడినట్టున్న సంగతి ఎదుటి మనిషికి ఇంత మామూలుగా వినిపించింది చూడండి, మీ గుండె తేలికపడింది అక్కడే అని నా అనుమానం. ధైర్యం చెప్పేవాళ్ళు మీకు కరువు కాదు. "నీకేం, ఇంకోటి వస్తుంది" అని ఫ్రెండ్సు పదిమంది చెప్పే ఉంటారు. ఆ మాటల వెనక వాళ్ళ కంగారు మీకు వినబడుతూనే ఉంటుంది. ఆవిడలో కంగారు లేదు.

"టిఫిన్ పెట్టారా" అన్నది మాత్రం అచ్చంగా పని తెలిసిన మనిషి అడిగే ప్రశ్న. షూటింగు క్యాన్సిల్ అయితే అయింది, కంపెనీ నుంచి మనకు రావలసింది వచ్చిందా లేదా అని. అదే ప్రశ్న నేను మీ భాషలో అడుగుతాను. నోటీసు కాలం జీతం ఇచ్చారా? వాడుకోని సెలవుల డబ్బు లెక్క కట్టారా? రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ లెటరు చేతికొచ్చాయా? పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ నమోదైందా? టీమ్ మొత్తం ఒకేసారి బయటికొచ్చినప్పుడు ఈ కాగితాల దగ్గర చాలామంది మొహమాటపడి ఊరుకుంటారు, తర్వాత కొత్త కంపెనీవాళ్ళు అడిగినప్పుడు పరుగులు పెడతారు. రాకపోయి ఉంటే ఈ వారమే మెయిల్ పెట్టండి.

ఆ మాల్ సంగతి కూడా చెప్పాలి. ఆ ఏరియాలో ఉండేవాళ్ళకి తప్ప ఈ కాలం పిల్లలకి తెలియదు. వడపళనిలో ఆర్కాట్ రోడ్డు మీద అంత మేరా విజయా వాహినీ స్టూడియో ఉండేది. ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటని పేరు. ఆ స్టూడియో అధిపతి నాగిరెడ్డిగారు 1972లో విజయా హాస్పిటల్ పెట్టింది కూడా అక్కడే. స్టూడియో ఫ్లోర్లున్న చోట 2013లో మాల్ వచ్చింది. ఇంద్రసభ వేసిన చోట ఇప్పుడు బట్టల షాపులు, సినిమా హాళ్ళు, పిజ్జాలు. తెలుగు సినిమా మాత్రం అప్పటికి ఎప్పుడో ఊరు వదిలేసింది. 1976లో హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది, ఆ తర్వాత ఒక్కొక్క కంపెనీయే అటు కదిలింది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చేసరికి ఇక్కడ మిగిలిన తెలుగు షూటింగులు కొన్నే. హీరోలు వెళ్ళారు, డైరెక్టర్లు వెళ్ళారు. నాలుగో వరసలో ఆడేవాళ్ళకి రైలు టికెట్ ఎవరు కొనిస్తారు? పిల్లల బడులు, అద్దె ఇళ్ళు, చీటీపాటలు అన్నీ కోడంబాక్కం, సాలిగ్రామం వీధుల్లోనే ఉన్నవాళ్ళు ఉండిపోయారు. మీకు పోయింది ఒక ప్రాజెక్టు. ఆవిడకి పరిశ్రమకి పరిశ్రమే ఆరు వందల కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపోయింది. అయినా ఆ మాల్ చూపించి ఆవిడ చెప్పిన మాట "నా చెయ్యి కనిపిస్తుంది" అని.

ఇలా రాశానని ఆవిడ లోలోపల కుమిలిపోతోందని అనుకోవద్దు. నవ్వే ముసలివాళ్ళ వెనక ఏదో పెద్ద విషాదం దాగి ఉండి తీరాలని మనకో మూఢనమ్మకం ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వదలదు. ఆవిడ నిజంగానే సరదా మనిషి అయి ఉండొచ్చు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో లారా కార్‌స్టెన్‌సెన్ అనే సైకాలజిస్టు దశాబ్దాలుగా దీని మీదే పరిశోధిస్తున్నారు. ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనుషులు మనసుకు నచ్చినవాటి మీదే దృష్టి పెడతారని, చెడు జ్ఞాపకాల కన్నా మంచివాటిని ఎక్కువగా పట్టుకుంటారని ఆవిడ పరిశోధనల సారం. అందరూ అలా ఉంటారని కాదు. నమ్మకపోతే ఏదైనా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్ళి చూడండి, నీళ్ళ ట్యాంకరు బిల్లు మీద మన పెద్దవాళ్ళు ఎంత ప్రశాంతంగా మాట్లాడతారో తెలుస్తుంది. మీకు మాత్రం మంచి బేరం తగిలింది.

అమ్మకి చెప్పనిది ఆవిడకి చెప్పేశానే అని బాధపడుతున్నారు. అందులో తప్పు వెతకకండి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ సిమ్మెల్ 1908లోనే ఈ సంగతి గమనించాడు. దగ్గరివాళ్ళ దగ్గర దాచే సంగతుల్ని జనం పరాయి మనిషి ముందు విప్పేస్తారని. ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే తెలుస్తుంది. బస్సులో ఆవిడకి చెబితే ఆవిడ నిద్ర చెడదు. మీ పెళ్ళి సంబంధాల లెక్క మారదు. మీ నాన్నగారికి బీపీ పెరగదు. ఆవిడ స్టాపు రాగానే దిగిపోతుంది. అమ్మకి చెబితే ఇవన్నీ జరుగుతాయి, ఆ సంగతి మీకు తెలుసు. కాబట్టి మీరు అమ్మకన్నా ఆవిడని ఎక్కువ నమ్మారని కాదు, అమ్మ దగ్గర పోయేది ఎక్కువ ఉంది కాబట్టి నోరు రాలేదు.

బస్సులో కొత్తవాళ్ళతో మాట్లాడటం గురించి కూడా ఒక ప్రయోగం ఉంది. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు 2014లో ప్రచురించారు. షికాగోలో రోజూ రైళ్ళలో, బస్సుల్లో తిరిగేవాళ్ళలో కొందరిని పక్కవాళ్ళతో మాట్లాడమన్నారు, కొందరిని ఒంటరిగా కూర్చోమన్నారు. ముందుగా అడిగితే చాలామంది మౌనంగా కూర్చుంటేనే హాయి అని ఊహించారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ళ ప్రయాణమే బాగా గడిచింది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మన గూడూరు ప్యాసింజర్‌లో వేరుశనక్కాయలు పంచుకునేవాళ్ళెవరైనా ఖర్చు లేకుండా చెప్పేవాళ్ళు కదా అని. ఇప్పుడు మన చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే ఉన్నాయి గనక ఈ మాట మనకీ ఎవరో ఒకరు చెప్పాల్సొస్తోంది.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో దాటేసిన సంగతికి వస్తాను. "ఇంట్లో ఇంకా చెప్పలేదు."

ఆవిడ ఇంటికి వెళ్ళే ముందే అమ్మకి చెప్పండి. ఈ షరతు నీతి కోసం పెట్టడం లేదు. పని జరగడం కోసం పెడుతున్నాను. మీ కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సులో అమ్మనీ నాన్ననీ చేర్చారా? మీ వయసు పిల్లలు చాలామంది చేరుస్తారు, ఆ ధైర్యంతోనే ఇంట్లో వేరే పాలసీ తీసుకోరు. మామూలుగా ఆ కవరేజీ మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. అంటే నెల్లూరులో మీ నాన్నగారు "అమ్మాయి కంపెనీ కార్డుందిగా" అనుకుంటూ ఆగస్టు నుంచీ ఏ బీమా లేకుండా తిరుగుతుండొచ్చు. రేపు ఏ అర్ధరాత్రో హాస్పిటల్ కౌంటర్ దగ్గర ఆ కార్డు చెల్లదని తెలియడం కన్నా, ఇవాళ మీ నోటితో వినడం నయం. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీలో విడి పాలసీకి మారే వీలు నిబంధనల్లో ఉంది. గడువు, షరతులు వాళ్ళవి వాళ్ళకుంటాయి కాబట్టి రేపే ఫోన్ చేసి అడగండి. మీ విషయంలో గడువు దాటిపోయి ఉంటే కొత్త పాలసీకే వెళ్ళండి, అందులో అమ్మానాన్నల జబ్బులేవీ దాచకుండా రాయండి.

ఇక ఎలా చెప్పడం? రాత్రి ఫోన్లో వద్దు. రాత్రి చెబితే అమ్మ తెల్లార్లూ పడుకోదు, మీరూ పడుకోరు. సెంట్రల్‌లో రైలెక్కితే మూడు గంటల ప్రయాణం, వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పండి. వంటింట్లో ఆవిడ చేతిలో ఏదో పని ఉన్నప్పుడైతే ఇంకా మంచిది, కళ్ళలోకి చూడక్కర్లేదు. "ఆగస్టులో ఉద్యోగం పోయిందమ్మా, నువ్వు కంగారుపడతావని చెప్పలేదు, ఇన్ని నెలలకి సరిపడా డబ్బుంది, ఇన్ని చోట్ల అప్లై చేశాను." ఈ వరసలో చెప్పండి. డబ్బు మాట మర్చిపోవద్దు, ఎందుకంటే ఆవిడ మొదట భయపడేది దానికే, నోటితో అడగదు. కోప్పడుతుంది. ఉద్యోగం పోయినందుకు కాదు, రోజూ రాత్రి "ఇప్పుడే వచ్చాను" అని చెప్పినందుకు. పడండి. ఆ కోపం న్యాయమైనదే. రెండు రోజులు పోయాక మీ మేనమామ కొడుకు, వాళ్ళ తోడల్లుడు, హైదరాబాద్‌లో ఎవరెవరున్నారో వాళ్ళందరి నంబర్లూ పట్టుకొస్తుంది. ఆ నంబర్లలో ఒక్కటైనా పనికొస్తుందేమో ఎవరు చూశారు?

నిద్ర పట్టడం లేదన్నారు. అమ్మకి చెప్పాక కూడా అలాగే ఉంటే ఆలస్యం చెయ్యకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ కౌన్సెలర్లు మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. సరదా పెద్దావిడ ఒక రాత్రి నిద్రపుచ్చగలిగింది, మంచిదే. ప్రతి రాత్రీ ఆ బాధ్యత ఆవిడ మీద వెయ్యడం అన్యాయం.

ఇక భోజనం సంగతి. ఆవిడ మామూలు ముసలావిడలా మోకాళ్ళ నొప్పులు చెబితే ఎలా అన్నారు. చెబుతుంది. కోడలి మీద రెండు చాడీలు కూడా చెబుతుంది. కొడుకు ఫోన్ చెయ్యడని అంటుంది, అంటుండగానే కొడుకు ఫోన్ చేస్తాడు. బస్సులో నవ్వించిన మనిషి ఇంట్లో కూడా నవ్విస్తూనే ఉండాలంటే ఆవిడ మళ్ళీ కాల్షీటు మీద పని చేసినట్టే కదా. ఆ రోజు మీ ఏడుపు ఆవిడ భరించింది, ఈ ఆదివారం ఆవిడ మోకాళ్ళు మీరు వినండి. అసలు ఆవిడ రమ్మన్న కారణం కూడా దాపరికం లేకుండా చెప్పేసింది, కబుర్లకి కొత్త మొహం కావాలని. ఇంట్లోవాళ్ళందరూ ఆ ఇంద్రసభ కథ వినీ వినీ, మొదలుపెట్టగానే టీవీ సౌండు పెంచే స్థితికి వచ్చి ఉంటారు. మీరు వినలేదు. ఆ ఇంట్లో మీకున్న విలువ అదే, తక్కువదేమీ కాదు.

వింటూ ఊరికే ఊఁ కొట్టకండి, అడగండి. డాన్స్ మాస్టర్ ఎవరు? రిహార్సలు ఎక్కడ చేసేవాళ్ళు? బట్టలు కంపెనీవా, సొంతమా? వరసలో ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరు చెప్పేవాళ్ళు? ముఖ్యంగా ఆ చెయ్యి కనిపించే సినిమా పేరు కనుక్కోండి. పాత తెలుగు సినిమాలు చాలా యూట్యూబులో ఉన్నాయి. ఆ పాట ఫోన్లో పెట్టి ఆవిడ చేతికివ్వండి. చూపు ఆనకపోతే పాజ్ చేసి, పెద్దది చేసి చూపించండి. ఏ చెయ్యి తనదో ఆవిడే చెబుతుంది, పక్క చేతులు ఎవరెవరివో కూడా చెబుతుంది. మీకు టెస్టింగులో తప్పులు పట్టే కన్ను ఉంది గనక ఆ పని బాగా చేస్తారు. దాన్ని రీల్ చేసి పెడదామన్న ఆలోచన వస్తే మాత్రం ముందు ఆవిడని అడగండి. కెమెరా ఆవిడకి కొత్త కాదు, సరే అనే అవకాశమే ఎక్కువ. అయినా అడగాలి. చీర మార్చుకుంటానంటే ఆగాలి.

చేతులూపుకుంటూ వెళ్ళకండి, అలాగని పెద్ద ఖర్చూ వద్దు. మీ పరిస్థితి ఆవిడకి తెలుసు, ఖరీదైనది పట్టుకెళ్తే ఆవిడే తిడుతుంది. నెల్లూరు వెళ్ళొస్తున్నారు కాబట్టి మలై కాజా మీద మనసు పోతుంది, ఆగండి. షుగరుందో లేదో తెలియదు. ఉన్నా లేదని చెప్పి తినేసే బాపతు మనిషిలా కనిపిస్తోంది. నాలుగు జామకాయలో, కట్ట ఆకులూ వక్కలో చాలు.

మీ రూమ్మేట్ మీద చిరాకు పడకండి. ఆ అమ్మాయి చెప్పింది సబబైన మాటే. పట్టపగలు వెళ్ళండి, అడ్రసు ఆ అమ్మాయికి పంపి, లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. సాలిగ్రామంలో మీ ఫ్రెండ్ ఎలాగూ ఉంది, ఆ అమ్మాయికీ ఒక మాట చెప్పండి. అయితే ఒక సంగతి గమనించారా? మీ ఇద్దరిలో ఎక్కువ తెగించింది ఆవిడ. వయసు మీదపడిన మనిషి, బస్సులో కనిపించిన అమ్మాయికి తన నంబరూ, ఇల్లూ రాసిచ్చింది. ఆవిడ కొడుకో కోడలో ఆ సంగతి తెలిసి ఇప్పటికే నాలుగు చివాట్లు వేసి ఉంటారు. మీరు గుమ్మంలోకి వెళ్ళగానే వాళ్ళు మిమ్మల్ని ఎగాదిగా చూస్తే నొచ్చుకోకండి. మీ పేరు, ఊరు, పీజీ ఎక్కడో మీరే ముందు చెప్పేయండి.

డబ్బు సాయం అడుగుతుందేమో అన్న అనుమానం మీరు రాయలేదు గానీ మీ రూమ్మేట్ మనసులో ఉండే ఉంటుంది. అడగకపోవచ్చు. అడిగితే, తిరిగి రాకపోయినా మీకు ఇబ్బంది లేనంత మాత్రమే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పండి. ఉద్యోగం లేనిదానివని ఆవిడకి తెలుసు కదా. బ్యాంకు వివరాలు, ఓటీపీలు ఎవరికీ చెప్పకూడదన్నది ఎలాగూ మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకవేళ పెన్షన్ కాగితాల దగ్గరో, ఇంట్లో పట్టించుకోకపోవడం దగ్గరో ఆవిడకి ఇబ్బంది ఉందని తెలిస్తే, మీరు ఒక్కరే భుజాన వేసుకోకుండా 14567 నంబరు ఇవ్వండి. పెద్దవాళ్ళ కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది.

ఒకసారి వెళ్ళారు కదా అని ప్రతి ఆదివారం వెళ్ళాలని లెక్క పెట్టుకోకండి. మళ్ళీ రమ్మంటే, మీకూ వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. రేపు కొత్త ఉద్యోగం ఏ పుణేలోనో వస్తే ఫోన్ చేసి చెప్పి వెళ్ళండి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఫోన్. ఆ టికెట్ కాగితం మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది, ఆవిడ పెన్నుతో రాసిందైనా చెమటకి చెరిగిపోవచ్చు, ముందు నంబరు సేవ్ చేసుకోండి. ఒకటి రెండుసార్లు ఎత్తకపోయినా నిరాశపడకండి, కొత్త నంబర్లు ఎత్తొద్దని ఇంట్లో చెప్పి ఉంటారు. తమిళంలో మొదలుపెట్టకుండా నేరుగా తెలుగులోనే "అమ్మా, బస్సులో ఏడ్చిన అమ్మాయిని" అనండి, గుర్తుపడుతుంది. మీ రూమ్మేట్‌కి అంత అనుమానంగా ఉంటే ఆ అమ్మాయిని కూడా వెంటబెట్టుకెళ్ళండి. ఇద్దరు వస్తున్నారని మాత్రం శనివారం సాయంత్రమే చెప్పండి, ఆవిడ బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ పోసుకోవాలి.